సూది మొనంత దోషము

పాతకాలపు మోటారుకార్లలో పెట్రోలును గాలితో కలుపు సాధనము కార్బురేటరు. కొన్ని రకములలో, పెట్రోలు వచ్చు రంధ్రమున కొనదేరిన సూది యొకటి కదలుచుండును. సూది పైకి లేచిన కొలది సందు పెరిగి పెట్రోలు హెచ్చుగా పారును. తూకములో ఇంచుమించు పదునైదు పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు కావలెను. ఇంజనును మార్చి అధికముగా గాలి పీల్చునట్లు చేసినచో పాత సూది సరిపడదు. వేరు కొలతగల సూదిని ఎంచుకొనవలెను.

రాకెట్టుకును ఈ నియమమే. పులికాట్ సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ నున్న శ్రీహరికోటనుండి 2006 జూలై 10న జి.ఎస్.ఎల్.వి.-ఎఫ్ 02 నౌక, ఇన్సాట్-4సి ఉపగ్రహముతో లేచినది. 0.2 సెకనుకే నాలుగు పార్శ్వ ఇంజనులలో ఒకటి శక్తి కోల్పోయినది. తక్కిన మూడింటితో సుమారు 50 సెకనులు నిలదొక్కుకొన్న నౌక, పిమ్మట గాలి తాకిడికి తాళలేక విచ్ఛిన్నమైనది.

ఆ ఇంజనులో ద్రవప్రవాహమును అదుపుచేయు నియంత్రకము, మూసిన స్థితిలో సైతము మితిమించి ద్రవమును విడిచినట్లు విచారణలో తేలినది. తయారీలో దొరలిన పొరపాటు తనిఖీల కన్నుగప్పి యుండవచ్చునని విచారణసంఘము భావించినది. రూపకల్పనలో లోపము కనబడలేదు. తయారీని, తనిఖీని కట్టుదిట్టము చేసిరి. 2007 సెప్టెంబరు 2న అదే తరగతి నౌక ఇన్సాట్-4సిఆర్‌ను కక్ష్యకు చేర్చినది.

సూది కొలత తప్పిన కారును దారిలో ఆపి సరిదిద్దుకొనవచ్చును. నింగికెగసిన నౌకకు ఆ వీలు లేదు. దాని కొలతలన్నియు నేలమీదనే సరిచూడవలెను.