గోల్ఫ్ ఆట – నడుం బలం

గోల్కొండ నయా ఖిలా పక్కన ఆడే గోల్ఫ్ డబ్బున్నవాళ్ల కాలక్షేపమని మనం అనుకుంటాం. కానీ 18 హోల్స్ ఆడాలంటే ఏడెనిమిది కిలోమీటర్లు నడవాలి. బంతిని కొట్టే బలం కాళ్ల నుంచి, తుంటి నుంచి మొదలై భుజాలకు చేరుతుంది. తుంటి బిగుసుకుపోతే ఆ మెలిక నడుం మీద పడుతుంది. అందుకే గోల్ఫర్లలో నడుంనొప్పి ఎక్కువ.

పటాన్‌చెరులో మూటలెత్తే మా నాయనదీ అదే నొప్పి. పాదాలు కదపకుండా నడుం తిప్పడమే కారణమని డాక్టరు చెప్పారు.

ఆటకైనా, పనికైనా ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించాలి. రోజూ గుంజీలు, ప్లాంక్ చేయాలి, తుంటి సాగదీయాలి. జిమ్ అక్కర్లేదు, హాస్టల్ వరండా చాలు.

కోల్‌కతా గోల్ఫ్ మైదానంలో గడ్డి చూసుకునే ఉద్యోగి కొడుకు చౌరాసియా 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు. మీరూ ఆడొచ్చు. ఈ సెలవుల్లో ఇంట్లోవాళ్లకూ ఇవి నేర్పండి.