నాడి నడకలు – అంతర్దృష్టికి ఒక సాధన

నాడిపై వేళ్లుంచగానే అనుభవజ్ఞుడైన వైద్యునికి కొంత స్ఫురించును. ఇది దైవదత్తమని పలువురు భావిస్తారు. నిజానికిది సాధనతో అలవడే గుణం.

శార్ఙ్గధర సంహిత వాతనాడిని పాము, జలగల గమనంతోను, పిత్తనాడిని కాకి, కప్ప గంతులతోను, కఫనాడిని హంస, పావురాల నడకతోను పోల్చింది. గురుకులంలో మా గురువుగారు దీనిని వల్లె వేయించి ఊరుకోలేదు. కన్నులు మూయించి, "గట్టు మీద పాము పోతోంది, చూడు" అనేవారు. ఆ దృశ్యం మనసున నిలిచిన పిదపనే నాడి పట్టనిచ్చేవారు. పొలాలు, చెరువులు గల మా గొలుగొండ వంటి పల్లెల్లో ఈ నడకలన్నీ కంటి ముందరివే.

పాఠకులు ఇంటివద్దనే ఈ అభ్యాసం చేయవచ్చును. ఉదయం పరగడుపున నెమ్మదిగా కూర్చొని, కుడి మణికట్టుపై బొటనవేలి మొదట ఎడమచేతి మూడు వేళ్లుంచండి. కన్నులు మూసి, ఆ మూడు నడకలను ఒక్కొక్కటిగా ఊహించండి. నేటి నాడి దేనిని పోలియున్నది? నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకొనునని తోస్తున్నది? వ్రాసుకొని, పిమ్మట గడియారం చూచి లెక్కించండి. విశ్రాంతిలో పెద్దలకు 60 నుండి 100 వరకు సాధారణం. నెల రోజులు ఇట్లు సరిచూచుకొనిన, మీ ఊహ ఎంతవరకు నమ్మదగినదో మీకే తెలియును.

సరిచూడని ఊహ తరచు ఆశయో, భయమో అయి ఉంటుంది. ఛాతీనొప్పితో చెమటలు పట్టినపుడు "గ్యాసేలే" అని మనసు చెప్పేది ఆశ మాత్రమే. అట్టి వేళ నాడి పరీక్షలు మాని, 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి చేరండి.