వార్తల్లో పదం: పెప్

హెచ్ఐవీ సోకే అవకాశమున్న కలయిక తరవాత, వైరస్ ఒంట్లో పాతుకుపోకముందే అడ్డుకునే అత్యవసర మందుల కోర్సే పెప్. పూర్తి పేరు పోస్ట్ ఎక్స్‌పోజర్ ప్రొఫిలాక్సిస్. మొదటి మోతాదు 72 గంటల్లోపు పడాలి, తరవాత 28 రోజులు మానకుండా వాడాలి. వైరస్ మొదట కొద్ది కణాల్లోనే ఉండి, కొన్ని రోజుల్లో శరీరమంతా పాకుతుంది. మందు పనిచేసేది ఆ కాస్త వ్యవధిలోనే కాబట్టి, సిగ్గుతో ఆగిన ప్రతి గంటా నష్టమే. కండోమ్ చిరగకుండా, జారకుండా చివరిదాకా ఉంటే సాధారణంగా పెప్ అక్కర్లేదు. చిరిగినా, అసలు వాడకపోయినా వెంటనే డాక్టరును కలవాలి. ఇలాంటి మందుంటే జనం కండోమ్ మానేస్తారన్న అభ్యంతరం ఉంది. కానీ పెప్ సిఫిలిస్‌నూ గనేరియానూ గర్భాన్నీ ఆపదు, హెచ్ఐవీ విషయంలోనూ నూరుశాతం హామీ కాదు. ఎక్కడికి వెళ్లాలో 1097 ఉచిత హెల్ప్‌లైన్‌లో అడగొచ్చు.