కారు, ఆటోల్లో గ్యాస్ ట్యాంకుకు తుప్పు పడితే ఏం చేయాలి?

ఎల్‌పీజీతో నడిచే ఆటో ఎక్కినప్పుడు సీటు దగ్గరున్న ట్యాంకును ఎవరూ పెద్దగా గమనించరు. కారులో అయితే అది డిక్కీలోనో, స్టెప్నీ ఉండాల్సిన గుంతలోనో కనపడకుండా ఉంటుంది. ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఈ గ్యాస్ ఒత్తిడితో ద్రవ రూపంలో ఉంటుంది. అందుకే ట్యాంకు ఉక్కు గోడ పలచబడటం ప్రమాదకరం.

తుప్పు ఎక్కడ మొదలవుతుంది?

ఎక్కువగా బయటి వైపే. ట్యాంకును పట్టి ఉంచే పట్టీల కింద, రబ్బరు ప్యాడ్ల వెనక నీరు నిలుస్తుంది. కంకర రాళ్లు తగిలి రంగు లేచిన చోట కూడా తుప్పు పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఉప్పు గాలికి ఇది మరింత త్వరగా పెరుగుతుంది.

మీరు చేయగలిగినవి

* నెలకోసారి టార్చి వేసి పట్టీల అంచులు, ట్యాంకు అడుగు భాగం చూడండి.
* వానలో తిరిగాక బురద కడిగి, తడి లేకుండా తుడవండి. డిక్కీలో తడి బట్టలు, గోనె సంచులు ట్యాంకుపై వేయకండి.
* పైపై తుప్పే అయితే, లీకేజీ లేదని నిర్ధారించుకున్నాక, గాలి ఆడే చోట ఎమెరీ పేపర్‌తో చేత్తోనే రుద్ది, రెడాక్సైడ్ ప్రైమర్, ఆపై ఎనామిల్ పెయింట్ వేయించవచ్చు.
* వాల్వులపై, ట్యాంకు వివరాలుండే ప్లేటుపై రంగు పడకూడదు. ప్లేటు కనపడకపోతే పరీక్షకు వెళ్లినప్పుడు ఇబ్బంది.

ఇవి చేయకండి

గ్రైండింగ్, వెల్డింగ్ వద్దు. గుంతల్ని పుట్టీతో పూడ్చి రంగు వేయించడమంటే ప్రమాదాన్ని దాచిపెట్టడమే. మందపాటి తారు పూత కూడా అంతే, దాని కింద తుప్పు పెరుగుతున్నా తెలియదు. పట్టీల బోల్టులు మీరే విప్పకండి.

గోరు తగిలేంత గుంత, సొట్ట, పొరలుగా లేచే తుప్పు కనిపిస్తే గ్యాస్ వాడకం ఆపి, అధీకృత కిట్ కేంద్రంలో చూపించండి. వాసన వస్తే ముందు ఇంజిన్ ఆపి, ప్రయాణికులను దించి, వాల్వు మూసేయండి. లీకేజీని సబ్బు నురగతోనే చూడాలి, అగ్గిపుల్లతో కాదు.

పరీక్ష ఎప్పుడు?

ఎల్‌పీజీ ట్యాంకుకు ఐదేళ్లకోసారి, సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి పరీక్ష తప్పనిసరి. సీఎన్‌జీలో ఒత్తిడి దాదాపు 200 బార్ ఉంటుంది కాబట్టి గడువు తక్కువ. నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) ఆమోదించిన కేంద్రాల్లోనే పరీక్ష చేయించాలి. సర్టిఫికెట్ బండిలో ఉంచుకోండి. గడువు తేదీని ఇప్పుడే ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టుకోండి.

పరీక్షకు బండి ఆగితే ఆటో డ్రైవరుకు ఒక రోజు సంపాదన పోతుంది, నిజమే. కానీ వెనక సీట్లో కూర్చునేవాళ్లు ఆ ట్యాంకును నమ్మే ఎక్కుతారు.