పడుకునే ముందు బండ కట్టేశారా?

నా పనిముట్ల పెట్టెలో జానెడు రబ్బరు ట్యూబు ముక్క ఒకటి ఉంది. ఆకుపచ్చ రంగు. ఊరికే చూస్తే ఏ లోపమూ కనిపించదు. రెండు చివరలూ పట్టుకుని వంచితే మాత్రం మధ్యలో సన్నటి గాటు నోరు తెరుస్తుంది. వదిలేస్తే మళ్లీ మూసుకుంటుంది. మొన్న డిసెంబరులో లంబసింగిలో మా ఇంటిల్లిపాదీ నిద్రపోతుంటే రాత్రంతా గ్యాసు వదిలింది ఆ గాటే.

నేను రాజమండ్రిలో ఒక గ్యాస్ ఏజెన్సీలో 32 ఏళ్లు మెకానిక్‌గా పనిచేశాను. వేల వంటిళ్లు చూశాను. ప్రతి ఇంట్లోనూ వచ్చేముందు ఒక్క మాట చెప్పేవాణ్ణి: ‘‘రాత్రి పడుకునే ముందు పొయ్యి దగ్గర కాదమ్మా, బండ దగ్గర కట్టెయ్యండి.’’ ఆ మాట నా కొడుక్కి చెప్పాల్సిన రాత్రి చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మావాడు పాత వ్యాను ఒకటి కొని, వెనక సీట్లు తీయించి, పరుపులు వేయించాడు. పక్క తలుపు దగ్గర మడతబల్ల, దాని మీద రెండు బర్నర్ల పొయ్యి. అయిదు కిలోల బండను చెక్కపెట్టెలో పెట్టి, పెట్టెకు బెజ్జం చేసి అందులోంచి ట్యూబు లాగాడు. నర్సీపట్నం దాటి ఘాటెక్కి లంబసింగి చేరేసరికి చీకటి పడింది. చలి. బయట వండుకోలేమని లోపలే వేడివేడిగా ఉప్మా చేసింది కోడలు. బర్నర్లు కట్టేసి, తలుపులు మూసి, దుప్పట్లు కప్పుకున్నాం.

తెల్లవారుజామున నాలుగున్నరకి మెలకువ వచ్చింది. నేను అందరికంటే కింద, వ్యాను నేల మీదే చాప వేసుకుని పడుకున్నాను. ముక్కుకి కుళ్లిన క్యాబేజీ లాంటి వాసన. ముప్పై రెండేళ్లు పీల్చిన వాసన అది. తల ఎత్తేసరికి మావాడు లేచి కూర్చుని, కాఫీ పెట్టడానికి లైటు స్విచ్చి కోసం తడుముతున్నాడు.

‘‘ఒరేయ్, స్విచ్చి ముట్టుకోకు! ఏదీ ముట్టుకోకు. తలుపు తియ్యి.’’

కోడలు పిల్లని దుప్పటితో సహా ఎత్తుకుని దిగింది. నేను రెగ్యులేటరు తిప్పేసి, బండను తీసుకెళ్లి దూరంగా పెట్టాను. వ్యాను తలుపులన్నీ బార్లా తెరిచి, మంచులో గంటసేపు నిలబడ్డాం. తెల్లారాక సబ్బు నురగ రాసి చూస్తే, పెట్టె బెజ్జం అంచు దగ్గర ట్యూబు మీద బుడగలు లేచాయి. దారి పొడుగునా కుదుపులకి ఆ చెక్క అంచు రంపంలా రాసుకుని రబ్బరును కోసింది.

ఇంట్లో లేనిది, వ్యానులో ఉన్నది

వంటింట్లో ట్యూబు కదలదు. వ్యానులో ట్యూబుకి క్షణం తీరిక ఉండదు. గతుకు గతుకుకీ రాసుకుంటుంది, సీటు పట్టాల కింద నలుగుతుంది, సామాను బరువుకి మడతపడుతుంది. మడతపడిన చోటే ముందు పగులుతుంది. పొయ్యి గొట్టానికి తొడిగిన చివర కుదుపులకి కొద్దికొద్దిగా జారుతుంది.

ఇక గ్యాసు సంగతి. మన బండలో ఉండేది ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమం. దానికి స్వతహాగా వాసన ఉండదు. కారితే తెలియాలనే ఈథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. ఈ గ్యాసు గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. పొగలా పైకి పోదు, నీళ్లలా నేలబారున పరుచుకుంటుంది. కిటికీ అంగుళం తెరిచి పడుకున్నాం కదా అనుకుంటే చాలదు. ఆ రాత్రి మమ్మల్ని కాచింది కిటికీ కాదు, పక్క తలుపు అడుగున చిరిగిపోయిన రబ్బరు. మావాడు మార్పిద్దామనుకుంటున్న ఆ రబ్బరు సందులోంచే కొంత గ్యాసు బయటికి పోయింది. యూరప్‌లో తయారయ్యే క్యాంపింగ్ వ్యాన్లలో బండకి వేరే అర కడతారు. పడుకునే చోటికి దాంట్లోంచి దారి ఉండదు. దాని అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం ఉంటుంది. కారిన గ్యాసు రోడ్డు మీదికి జారిపోవాలని ఆ ఏర్పాటు.

గాలిలో ఈ గ్యాసు సుమారు రెండు శాతం చేరితే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. చిన్న వ్యాను లోపలి చోటు పది ఘనమీటర్లు అనుకుందాం. రెండు శాతమంటే 200 లీటర్ల గ్యాసు. తూకంలో అర కిలో కూడా ఉండదు. నెలకి ఒక బండ వాడే ఇంట్లో ఒక రోజు వంటకి కాలేది దాదాపు అంతే. పైగా కారిన గ్యాసు వ్యానంతా సమంగా కలవదు. నేల మీద పొరలా పేరుకుంటుంది కాబట్టి అక్కడ అంటుకోవడానికి అంతకన్నా తక్కువే సరిపోతుంది.

నిప్పంటే అగ్గిపుల్ల ఒక్కటే కాదు. ఇంజను సెల్ఫ్ కొడితే నిప్పురవ్వ, లైటు స్విచ్చి వేస్తే నిప్పురవ్వ, ఫ్యాను, ఇన్వర్టరు, చార్జరు ఏదైనా చాలు. డ్యాష్‌బోర్డు మీద దేవుడి ముందు వెలిగించిన అగరుబత్తి కూడా. ఇంట్లో ఇవి గదికొకటి ఉంటాయి. వ్యానులో అన్నీ చేతికందే దూరంలోనే.

2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మధురై స్టేషన్ యార్డులో ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. లక్నో నుంచి బయలుదేరిన యాత్ర అది. నిబంధనలకు విరుద్ధంగా లోపలికి తెచ్చిన గ్యాస్ బండే కారణమని రైల్వే చెప్పింది. పెట్టె ఆగే ఉంది. బయట బోలెడంత ఖాళీ ఉంది. ఆ బండ లోపల ఉండాల్సింది కాదు. తీర్థయాత్రకి వంటసామాను వేసుకుని బయలుదేరే మనవాళ్లందరూ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ట్యూబు కొనేటప్పుడు

మావాడు ట్యూబు కొన్నది రోడ్డు పక్క కొట్లో, మీటర్ల లెక్కన. దాని మీద ఏ అచ్చూ లేదు. కొనాల్సింది ‘సురక్ష’ ట్యూబు. నారింజ రంగులో ఉంటుంది, లోపల ఉక్కుతీగ అల్లిక ఉంటుంది. ఎలుక కొరికినా, అంచుకు రాసుకున్నా మామూలు రబ్బరులా తెగిపోదు. ఐఎస్ 9573 అన్న గుర్తు, తయారైన తేదీ దాని మీదే అచ్చువేసి ఉంటాయి. అయిదేళ్లు దాటితే మార్చెయ్యాలి. ఎండల్లో ఆగే, గతుకుల్లో తిరిగే వ్యానులో అంతకంటే ముందే మార్చడం మంచిదని నా మాట.

పొడవు మీటరున్నర మించకూడదు. రెండు ముక్కలు కలిపి అతుకు పెట్టకూడదు. పొయ్యి అడుగునుంచి పోనివ్వకూడదు. ట్యూబు గట్టిగా ఉండి ఎక్కకపోతే నూనె రాయకండి, సబ్బునీళ్లు చాలు. కారుతోందా అని చూడటానికీ సబ్బునీళ్లే. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లని నేను నా కళ్లతో చూశాను. ఆ పని ఎప్పుడూ చెయ్యకండి.

బండని ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే గ్యాసుకి బదులు ద్రవమే రెగ్యులేటరులోకి వస్తుంది. ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల గ్యాసవుతుంది. పొయ్యి దగ్గర మంట మనిషెత్తు లేస్తుంది. లంబసింగి లాంటి చలిలో మంట సన్నగిల్లితే బండని నిప్పుల దగ్గరకి జరపడం, వేడినీళ్లలో పెట్టడం చెయ్యకండి. చలికి ద్రవం నెమ్మదిగా ఆవిరవుతుంది, అంతే. వంట కాస్త ఆలస్యమవుతుంది.

చలికాచుకోవడానికి మూసిన వ్యానులో బర్నరు వెలిగించి పడుకోవడం మరో పెద్ద ప్రమాదం. గాలి చాలని మంట కార్బన్ మోనాక్సైడు వదులుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. గ్యాసు కారితే ముక్కు చెబుతుంది. దీన్ని ముక్కు పసిగట్టలేదు.

వాసన వస్తే

స్విచ్చి వెయ్యొద్దు, వేసి ఉన్నది కట్టొద్దు. ఇంజను స్టార్ట్ చెయ్యొద్దు. ముందు మనుషుల్ని దించండి. అందితే రెగ్యులేటరు తిప్పేసి, బండ బయట పెట్టండి. దూరం వెళ్లాకే ఫోను తీసి 1906కి చెయ్యండి. అది గ్యాసు ప్రమాదాల కోసమే పెట్టిన నంబరు. ట్యూబు చివర మంట అంటుకుంటే, గ్యాసు ఆపగలిగితేనే మంట ఆర్పండి. గ్యాసు ఆగకుండా మంట మాత్రం ఆర్పితే అది కారి పేరుకుని, మళ్లీ ఒక్కసారిగా అంటుకుంటుంది.

ఇప్పుడు మా వ్యానులో చెక్కపెట్టె లేదు. బండి కదిలే ముందు రెగ్యులేటరు ఊడదీసి, బండకి మూత బిగిస్తాం. ఎక్కడైనా ఆగితే బండ, పొయ్యి రెండూ దించి, వ్యానుకి నాలుగడుగుల దూరంలో ఆరుబయటే వంట. గాలి ఎక్కువైతే రేకు అడ్డం పెట్టుకుంటాం. వాన వస్తే ఆ పూటకి అటుకులూ అరటిపళ్లే.

పొయ్యి దగ్గర బర్నరు కట్టేస్తే పని అయిపోయిందనుకుంటాం. కానీ రెగ్యులేటరు తెరిచే ఉంటే తెల్లవార్లూ ట్యూబు నిండా గ్యాసు ఉంటుంది. గాటు ఎంత చిన్నదైనా రాత్రి చాలా పొడవు. అదే బండ దగ్గర కట్టేస్తే, ట్యూబులో మిగిలిన గుక్కెడు గ్యాసు తప్ప కారడానికి ఏమీ ఉండదు. ఆ రాత్రి ఆ ఒక్క తిప్పు తిప్పి ఉంటే, తెగిన ట్యూబుతో కూడా మేం క్షేమంగా నిద్రపోయేవాళ్లం.

ఇప్పుడు ఎక్కడ ఆగినా పడుకోబోయే ముందు మావాడు టార్చి పట్టుకుని బండ దగ్గరికి వెళ్తాడు. రెగ్యులేటరు టక్కున తిరిగిన చప్పుడు వినపడేదాకా నేను చాప పరుచుకోను.