తోట దాటిన పువ్వు

ఖరగ్‌పూర్ నుంచి హౌరా వెళ్ళే రైలులో కిటికీ పక్కన కూర్చుంటే, పట్టాల వెంట ఉన్న నీటిగుంటల్లో పచ్చని ఆకులు, వాటి మధ్య లేత ఊదారంగు పూలు కనిపిస్తాయి. చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి. ఆ మొక్కను తెలుగులో గుర్రపు డెక్క అంటాం. మన బెంగాలీ మిత్రులు కచురిపానా అంటారు.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం. పూల అందానికి ముచ్చటపడి 19వ శతాబ్దం చివరలో దీన్ని బెంగాల్‌కు తెచ్చారు. తోటలోని కొలను దాటి అది కాలువల్లోకి, నదుల్లోకి పాకింది. కొన్ని దశాబ్దాల్లోనే తూర్పు బెంగాల్‌లో పడవల దారులు మూసుకుపోయాయి, వరిచేలు దెబ్బతిన్నాయి. 1921లో జగదీశ్ చంద్రబోస్ అధ్యక్షతన ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. చివరికి 1936లో దీని నిర్మూలనకు చట్టమే చేయవలసి వచ్చింది.

ఒక పూలమొక్కకు ఇంత బలం ఎలా వచ్చింది? దాని ఉబ్బిన కాడల్లో గాలి ఉంటుంది, అందుకే అది నీటిపై తేలుతుంది. తల్లిమొక్క నుంచి పక్కకు సాగే తీగలకు పిల్లమొక్కలు పుడతాయి. అనుకూలమైన వెచ్చని నీటిలో సుమారు రెండు వారాల్లోనే రెట్టింపు అవుతుంది. మురుగునీరు దానికి ఎరువు. విత్తనాలు బురదలో ఏళ్ళ తరబడి చావకుండా ఉంటాయి. పైగా అమెజాన్‌లో దాన్ని తిని అదుపులో ఉంచే పురుగులు దానితోపాటు ఇక్కడికి రాలేదు.

ఆకులు నీటిని కప్పేస్తే లోపలికి ఎండ చేరదు. నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి. దాంతో చేపలు పట్టి బతికేవారి జీవనాధారం పోతుంది. మన కొల్లేరు సరస్సుకూ ఈ బెడద తప్పలేదు.

అలాగని బయటినుంచి వచ్చిన ప్రతి మొక్కా శత్రువు కాదు. మన గుమ్మాలకు తోరణమయ్యే బంతి మెక్సికో నుంచి వచ్చిందే. మన కూరల్లోని మిరప కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. అవి మనం వేసిన చోట పెరిగి మనకు మేలు చేస్తున్నాయి. కాబట్టి మొక్క ఎక్కడిదని కాదు, కొత్తచోట ఎలా పెరుగుతోందని చూడాలి.

విద్యార్థులు చేయగల పని చిన్నదే. చేపల తొట్టెలోని నీటిమొక్కలు ఎక్కువైతే చెరువులోనో కాలువలోనో పారేయకండి. నీటికి దూరంగా బాగా ఎండబెట్టి, తర్వాత ఎరువు గుంటలో వేయండి. తొట్టె నీటిని కూడా కాలువలో కాక మట్టి నేల మీద పోయండి. చిన్న ముక్క మిగిలినా మొక్క మళ్ళీ మొదలవుతుంది.