డిజైన్ ఉద్యోగార్థి చూపవలసిన పని

డిజైన్ ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టువారిని యజమానులు రెండు వస్తువులు అడుగుదురు. ఒకటి రెజ్యూమే, అనగా చదువును, అనుభవమును తెలుపు వివరపత్రము. రెండవది పోర్ట్‌ఫోలియో, అనగా అభ్యర్థి చేసిన పనుల సంపుటి. పెద్దల సిఫారసు లేని పల్లెటూరి యువతీయువకుల పక్షమున మాటలాడునది ఈ సంపుటి ఒక్కటే. దానిని కూర్చు విధమును ఇచట వివరింపదలచినాము.

మన ప్రాంతముననే ఇందుకొక ఉదాహరణము కలదు. మచిలీపట్నము జాతీయ కళాశాలలో పనిచేసిన పింగళి వెంకయ్యగారు భారతదేశమునకు జాతీయ పతాకము ఉండవలెనని 1916లో ఒక చిన్న గ్రంథము ప్రచురించిరి. అందు ఇతర దేశముల జెండాలను వివరించి, మనకు తగిన నమూనాలు పెక్కింటిని చూపిరి. ఏటేట కాంగ్రెసు సభలలో ఆ సంగతిని పట్టువిడువక ప్రస్తావించిరి. అయినను ఆ నమూనాలు తమ మనసును కదిలింపలేదని గాంధీజీ 1921 ఏప్రిల్‌లో ‘యంగ్ ఇండియా’ పత్రికలో వ్రాసిరి. జెండాపై రాట్నము ఉండవలెనన్న జలంధరు వాస్తవ్యులు లాలా హంసరాజ్ సూచన మాత్రము వారికి నచ్చినది. ఆ సంవత్సరమే బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు, ఎరుపు, ఆకుపచ్చ రంగులపై రాట్నము గల నమూనాను గీసి ఇమ్మని వెంకయ్యగారిని కోరిరి. మూడు గంటలలో అది సిద్ధమైనది. తెలుపు రంగు పిదప చేరినది.

అన్నేండ్ల సాధన ఉన్నందుననే ఆ పని మూడు గంటలలో ముగిసినది. అయితే ఆ సాధన అక్కరకు వచ్చినది, కోరువారి అవసరమేమో స్పష్టపడిన తరువాతనే. నేటి ఉద్యోగార్థి గ్రహింపవలసిన విషయమిదియే. సంపుటి చూచువాడు బొమ్మ అందమును మాత్రమే చూడడు. ఏ అవసరమునకై ఈ పని చేసితివి, ఎట్లు ఆలోచించితివి అని అడుగును.

ఇబ్రహీంపట్నము చెంతనే ఉన్న కొండపల్లి బొమ్మలనే తీసికొందము. తేలికైన తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగములను అతికి, రంగులు వేయుదురు. తాటిచెట్టు ఎక్కుచున్న గీతకార్మికుని బొమ్మ దూరప్రయాణములో విరుగకుండ ఒక విద్యార్థి అట్టపెట్టె రూపొందించెననుకొందము. పెట్టె ఫోటో ఒక్కటి అతికించిన చాలదు. బొమ్మ ఎచట విరుగుచున్నది, మొదట గీసిన చిత్తులేవి, వానిని ఏల విడిచెను, పెట్టెకు ఖర్చెంత, బొమ్మ చేయువారు చూచి ఏమనిరి, ఇవన్నియు క్రమముగ చూపవలెను. ఇట్టి పని ఒక్కటి, వివరణ లేని ఇరువది చిత్రముల కంటె ఎక్కువ చెప్పును.

సంపుటిలో నాలుగైదు పనులు చాలును. అన్నింటికంటె బలమైనది మొదట, దాని తరువాతిది చివర ఉంచవలెను. పలువురు కలిసి చేసిన పనిలో తన వంతు ఎంతో స్పష్టముగ చెప్పవలెను. అభ్యాసమునకు చూచి గీసినదైనచో ఆ మాట వ్రాయవలెను. ఒకరి పనిని తనదని చూపినవాడు రెండవ ప్రశ్నకే దొరికిపోవును. కంప్యూటరులో పంపు ప్రతి సెల్‌ఫోనులో సైతము సులభముగ తెరచుకొనునట్లు ఉండవలెను.

రెజ్యూమే, కొత్తవారికి, ఒక పుట మించరాదు. పేరు, ఫోను నంబరు, ఈమెయిలు, చదువు, చేసిన పనులు, చేతనైన సాఫ్ట్‌వేర్లు, సంపుటి దొరకు చిరునామా ఇందుండవలెను. తండ్రిపేరు, కులము, మతము వంటివి అనవసరము. రాని సాఫ్ట్‌వేరు వచ్చునని వ్రాయరాదు. ఎదుట కూర్చుండబెట్టి చేయుమందురు. అక్షరదోషములు లేకుండ సరిచూచుకొనవలెను. అక్షరముల అమరిక డిజైనరు పనిలో భాగమే గదా.

చివరిగా ఒక సులభమైన పరీక్ష. సంపుటిని ఈ వృత్తితో సంబంధము లేని ఇంటివారి చేతికిచ్చి, ఏమియు చెప్పక, ప్రక్కన కూర్చుండవలెను. ఎవరికొరకు ఏమి చేసినది వారికి బోధపడినచో పంపవచ్చును. మీరు నోరు విప్పి చెప్పవలసివచ్చిన ప్రతి మాటయు ఆ పుటపై లేని మాటయే. దానిని అచట వ్రాయుడు.